ఎం.బి. చర్చి వాళ్ళు మళ్ళీ బాప్తిస్మం ఎందుకు అడుగుతారు? మెన్నోనైట్లు ఎవరు, వాళ్ళ నమ్మకం ఏమిటి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. నెలల బిడ్డగా ఉన్నప్పుడే మీకు బాప్తిస్మం అయింది, పెద్దయ్యాక కన్ఫర్మేషన్, అంటే సంఘం ముందు మీ నోటితో విశ్వాసం ఒప్పుకోవడం, కూడా అయింది. పెళ్ళి కుదిరిన అమ్మాయి వాళ్ళది మహబూబ్‌నగర్ దగ్గర ఎం.బి. చర్చి. "పెళ్ళికి ముందు అబ్బాయి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి" అని వాళ్ళ పెద్దలు అన్నారు. "మనమేమన్నా అన్యులమా, ఉన్న బాప్తిస్మం చాలదా?" అని మీ ఇంట్లో గొడవ. ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రదరెన్ అని నెట్‌లో చూసి, గుర్రబ్బండ్ల ఫోటోలు కనబడేసరికి మీకు ఇంకా టెన్షన్ పట్టుకుంది.

నేను పాలమూరు జిల్లా ఎం.బి. సంఘంలోనే పుట్టి పెరిగినవాణ్ణి. తర్వాత చాలా ఏళ్ళు బైబిలు స్కూల్లో సంఘ చరిత్ర పాఠం చెప్పాను. ఇంటివాడిగా కొంత, చదువుకున్నవాడిగా కొంత చెబుతాను. రెండు వైపులవాళ్ళకీ నచ్చని మాటలు కొన్ని వస్తాయి, ఏమీ అనుకోకండి.

ముందు గుర్రబ్బండ్ల సంగతి తేల్చేద్దాం. మీరు చూసిన ఫోటోలు చాలావరకు అమిష్ వాళ్ళవి. 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల మెన్నోనైట్ సంఘాల్లో క్రమశిక్షణ సడలిపోతోందని యాకోబ్ అమ్మాన్ అనే పెద్ద పట్టుబట్టి, తన వెంట వచ్చినవాళ్ళతో వేరుపడ్డాడు. వాళ్ళే అమిష్. మెన్నోనైట్లలో కూడా కార్లు వద్దనుకునే పాత పద్ధతి శాఖలు పెన్సిల్వేనియాలో, ఒంటారియోలో, బొలీవియాలో ఉన్నాయి. మిగతా అందరూ అందరిలాగే బట్టలు కట్టుకుని, అందరిలాగే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. పైగా ఇవాళ మెన్నోనైట్లలో ఎక్కువమంది తెల్లవాళ్ళే కారు. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాలవాళ్ళే ఎక్కువ. ఇథియోపియాలోని మెసెరెటె క్రిస్టోస్ సంఘం అన్నిటికంటే పెద్దది.

ఇక అసలు విషయం. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న గొడవ కొత్తదేమీ కాదు. సరిగ్గా ఈ గొడవతోనే 500 ఏళ్ళ కిందట ఈ విశ్వాసం పుట్టింది.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరం. కాథలిక్ సంఘాన్ని సరిదిద్దాలని జర్మనీలో లూథర్ మొదలుపెట్టిన సంస్కరణను ఇక్కడ ఉల్రిచ్ జ్వింగ్లీ నడిపిస్తున్నాడు. 1519 నుంచి ఆయన అక్కడి ప్రధాన దేవాలయంలో బోధకుడు. ఆయన దగ్గర లేఖనాలు చదువుకున్న కుర్రాళ్ళలో కాన్రాడ్ గ్రేబెల్, ఫీలిక్స్ మాంజ్ ముఖ్యులు. గ్రేబెల్ తండ్రి నగర కౌన్సిల్ సభ్యుడు, అంటే ఊళ్ళో పలుకుబడి ఉన్న ఇల్లు. మొదట్లో గురువుకీ శిష్యులకీ తేడా లేదు. పూజలో ఏది తీసెయ్యాలి, ఎప్పుడు తీసెయ్యాలి అనేది నగర కౌన్సిల్ నిర్ణయిస్తుంది అని జ్వింగ్లీ అన్న దగ్గర చెడింది. వాక్యంలో ఉందని మీరే చెప్పాక, దానికి కౌన్సిల్ అనుమతి దేనికి అని కుర్రాళ్ళు ఎదురు తిరిగారు.

ఆ తగాదా చివరికి పసిపిల్లల బాప్తిస్మం దగ్గరికి వచ్చింది. ముందు బోధ, తర్వాత విశ్వాసం, ఆ తర్వాత బాప్తిస్మం, కొత్త నిబంధనలో వరుస ఇదీ అని వాళ్ళ వాదన. విశ్వసించడం అంటే ఏమిటో తెలియని బిడ్డకు నీళ్ళు చల్లితే అది బాప్తిస్మం ఎలా అవుతుంది? 1525 జనవరి 17న కౌన్సిల్ ముందు చర్చ పెట్టారు. జ్వింగ్లీ పక్షమే గెలిచింది. బాప్తిస్మం కాని పిల్లలకు 8 రోజుల్లో చేయించాలి, కాదన్నవాళ్ళు కుటుంబంతో సహా ఊరు విడిచి పోవాలి అని ఉత్తర్వు వేశారు.

జనవరి 21 రాత్రి మాంజ్ తల్లి ఇంట్లో కొద్దిమంది ప్రార్థనకు కూడారు. వాళ్ళలో జార్జ్ బ్లౌరాక్ అనే మాజీ పూజారి లేచి, తన విశ్వాసాన్ని బట్టి తనకు నిజమైన బాప్తిస్మం ఇమ్మని గ్రేబెల్‌ను అడిగి మోకాళ్ళ మీద పడ్డాడు. గ్రేబెల్ ఇచ్చాడు. తర్వాత బ్లౌరాక్ మిగతావాళ్ళకు ఇచ్చాడు. నదీ లేదు, చెరువూ లేదు, ఇంట్లో ఉన్న నీళ్ళే. ఇది గుర్తుపెట్టుకోండి, మీ విషయంలో పనికొస్తుంది.

వాళ్ళ లెక్కలో అది రెండో బాప్తిస్మం కాదు, మొదటిదే. చిన్నప్పుడు జరిగినది వాళ్ళ దృష్టిలో అసలు బాప్తిస్మమే కాదు. మీ కాబోయే అత్తగారి వైపు పెద్దలు ఇవాళ అంటున్నదీ ఇదే. గిట్టనివాళ్ళు మాత్రం అనాబాప్టిస్టులు, అంటే తిరిగి బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు అని పేరు పెట్టారు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. పాత రోమా చట్టంలో మళ్ళీ బాప్తిస్మం ఇచ్చినవాడికి మరణశిక్ష ఉంది. 1529లో జర్మన్ సామ్రాజ్యపు స్పైయర్ సభలో ఆ శిక్షనే మళ్ళీ అమల్లోకి తెచ్చారు.

బాప్తిస్మం కోసం చంపేయడమేమిటి అని మనకు అనిపిస్తుంది. ఆ రోజుల్లో బాప్తిస్మం అంటే చర్చిలో జరిగే కార్యక్రమం మాత్రమే కాదు. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా బాప్తిస్మంతోనే సంఘంలోకీ సమాజంలోకీ ఒకేసారి వచ్చేవాడు. రాజు మతమే రాజ్యం మతం. 1526లో జ్యూరిక్‌లో పిల్లల బాప్తిస్మాలకు రిజిస్టరు పెట్టించారు, ఎవరు ఎగ్గొడుతున్నారో తెలియడానికి. అలాంటి చోట "నేను పెద్దయ్యాక, నా అంతట నేను విశ్వసించి, నాలాంటి వాళ్ళతో కలిసి సంఘంగా ఉంటాను" అన్నవాడు సంఘం వేరు, సర్కారు వేరు అంటున్నట్టే. మిగతాదంతా ఆ ఒక్క మాట నుంచే వచ్చింది. విశ్వాసం బలవంతంగా రాదు కాబట్టి కత్తితో నిలబెట్టేదీ కాదు. సంఘంలోకి ఇష్టపడి వచ్చారు కాబట్టి ఒకరి నడత ఒకరు సరిచూసుకోవాలి. క్రీస్తుకు మాట ఇచ్చారు కాబట్టి ఇంకొకరికి ప్రమాణం చెయ్యనక్కర్లేదు. మెన్నోనైట్ నమ్మకాలను విడివిడిగా కంఠస్థం చెయ్యడం కంటే ఈ లంకె పట్టుకుంటే సులువుగా అర్థమవుతాయి.

మాంజ్‌ను 1527 జనవరి 5న చంపారు. చేతులు కట్టి, వాటిని మోకాళ్ళ మీదుగా దించి, మోచేతులకీ మోకాళ్ళకీ మధ్య కర్ర దూర్చి, పడవలోంచి లిమ్మాట్ నదిలోకి తోసేశారు. నీళ్ళతో తప్పు చేసినవాడికి నీళ్ళతోనే శిక్ష అన్నమాట. ఒడ్డున నిలబడిన తల్లి, తమ్ముడు విశ్వాసంలో గట్టిగా ఉండమని కేకవేసి చెప్పారని రాశారు. చంపించింది కాథలిక్కులు కాదు, సంస్కరణ పక్షంవాళ్ళే. 2004లో జ్యూరిక్ వాళ్ళు ఆ నది ఒడ్డున ఆయన జ్ఞాపకంగా ఒక ఫలకం పెట్టారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ష్లైథైమ్ అనే పల్లెలో కొందరు రహస్యంగా కలుసుకుని 7 అంశాలు రాసుకున్నారు. బాప్తిస్మం, వెలి, రొట్టె విరవడం, లోకం నుంచి ప్రత్యేకంగా ఉండడం, కాపరులు, కత్తి, ప్రమాణం. రాయించిన మైకేల్ శాట్లర్ అంతకు ముందు బెనెడిక్టైన్ మఠంలో పెద్ద హోదాలో ఉన్నవాడు. మే నెలకల్లా ఆస్ట్రియా పాలనలో ఉన్న రాటెన్‌బర్గ్‌లో ఆయన్ని పట్టుకుని నాలుక కోసి, కాల్చిన పట్టకార్లతో ఒళ్ళు చీల్చి, మంటల్లో వేశారు. భార్య మార్గరెటాను నీళ్ళలో ముంచి చంపారు. విచారణలో ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి వినండి: తురుష్కులు దండెత్తి వచ్చినా వాళ్ళ మీద కత్తి ఎత్తకూడదు అన్నాడట. అన్నాను అని ఒప్పుకున్నాడు. ఆస్ట్రియా వాళ్ళకు ఆ తురుష్కుల, అంటే ఆటోమన్ సైన్యాల భయం కంటి ముందు ఉన్న రోజులు. 1529లో వాళ్ళు వియన్నా దాకా వచ్చారు కూడా. ఇవాళ సరిహద్దులో యుద్ధం నడుస్తుంటే ఒకాయన టీవీ చర్చలో కూర్చుని ఆ మాట అంటే ఏమవుతుందో ఊహించుకోండి, అప్పటి కోపం తెలుస్తుంది.

మీ లూథరన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం మీ సంఘానికి ఆధారం కదా. అందులో అనాబాప్టిస్టులను పేరు పెట్టి ఖండించారు, ఒక చోట కాదు, చాలా చోట్ల. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలియకపోయినా వాళ్ళ కోపానికి అంత చరిత్ర ఉంది. అయితే 2010 జూలైలో స్టుట్‌గార్ట్‌లో జరిగిన సభలో లూథరన్ ప్రపంచ సమాఖ్య, ఆ హింసకు దేవుణ్ణీ మెన్నోనైట్లనూ క్షమాపణ అడిగింది. మీ ఏ.ఇ.ఎల్.సి. (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) ఆ సమాఖ్యలో సభ్య సంఘమే. ఇంట్లో మాట పెరిగినప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి.

ఇంతకీ మెన్నోనైట్లకు ఆ పేరు తెచ్చిన ఈ మెన్నో సైమన్స్ ఎవరు? స్థాపకుడు కాదు. చెదిరిపోతున్న మందను దగ్గరికి తీసినవాడు. 1496లో నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో విట్‌మార్సమ్ అనే ఊళ్ళో పుట్టాడు. 1524లో కాథలిక్ పూజారి అయ్యాడు. పేకాట, తాగుడుతో కాలం గడిపానని తర్వాత తనే రాసుకున్నాడు. పూజలో ఇచ్చే రొట్టె నిజంగా క్రీస్తు శరీరంగా మారుతుందా అన్న అనుమానం మొదట వచ్చింది. 1531లో పక్కనే ఉన్న లేవర్డెన్‌లో సిక్కె ఫ్రేర్క్స్ అనే దర్జీని రెండోసారి బాప్తిస్మం తీసుకున్నందుకు తల నరికారని విన్నాడు. బాప్తిస్మం గురించి లేఖనాల్లో వెతికితే పసిపిల్లల మాట ఎక్కడా కనబడలేదు. కనబడకపోయినా పూజారి ఉద్యోగం మానలేదు. అక్కడే నాకు ఆయన మన మనిషిలా అనిపిస్తాడు.

ఆయన్ని కదిలించింది వేరే సంగతి. 1534లో జర్మనీలోని మున్‌స్టర్ నగరాన్ని కొందరు అనాబాప్టిస్టులు పట్టుకున్నారు. ఇది మామూలు అనాబాప్టిజం కాదు, పూనకం. కొత్త యెరూషలేము ఇదే అన్నారు, ఆస్తులు ఉమ్మడి అన్నారు, లైడెన్ నుంచి వచ్చిన యాన్ అనే దర్జీ రాజునని ప్రకటించుకుని చాలామందిని పెళ్ళాడాడు. బాప్తిస్మం వద్దన్నవాళ్ళను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. అంటే తమకు జరిగిందే వాళ్ళు ఇంకొకరికి చేశారు. 1535 జూన్‌లో బిషప్ సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకుంది. నాయకుల శవాలను వేలాడదీసిన ఇనప పంజరాలు సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి ఇప్పటికీ ఉన్నాయి.

ఆ వేడి ఫ్రీస్‌లాండ్ దాకా పాకింది. 1535 వసంతంలో మెన్నో ఊరికి దగ్గర్లోని ఓల్డెక్లోస్టర్ మఠాన్ని దాదాపు 300 మంది ఆయుధాలతో ఆక్రమించి, చివరికి చచ్చిపోయారు. నమ్మకం తప్పుదారి పట్టినా ప్రాణం పెట్టారు వాళ్ళు. సత్యం తెలిసీ జీతం కోసం పీఠం మీద కూర్చున్నది నేను అన్న బాధ మెన్నోను తినేసింది. 1536 జనవరిలో పూజారి పని వదిలేసి బయటికి వచ్చాడు. హింసకు దూరంగా ఉన్న అనాబాప్టిస్టులు వచ్చి కాపరిగా ఉండమని అడిగితే ఒప్పుకున్నాడు. అక్కడి నుంచి 25 ఏళ్ళు పరుగే. 1542లో చక్రవర్తి ఐదవ చార్లెస్ ఆయన తలకు 100 గిల్డర్లు వెల కట్టాడు. భార్య గెర్ట్రూడ్, పిల్లలతో ఊరూరా దాక్కుంటూ బోధించాడు, రాశాడు. తన రచనల మీద ఒకే వాక్యం పెట్టేవాడు, 1 కొరింథీ 3:11: వేయబడినది తప్ప, మరియొక పునాది ఎవడును వేయనేరడు, ఈ పునాది యేసుక్రీస్తే. 1561 జనవరిలో పరుపు మీదే చనిపోయాడు. ఆ తరం అనాబాప్టిస్టు నాయకుల్లో అది చాలామందికి దక్కలేదు. అప్పటికే ఆయన మనుషులను ఆయన పేరుతో పిలవడం మొదలైంది.

మున్‌స్టర్ తర్వాత మెన్నోనైట్లకు కత్తి అంటే రెట్టింపు జాగ్రత్త వచ్చింది. "దుష్టుని ఎదిరింపక" అన్న మత్తయి 5:39 మాటను అలంకారంగా కాక ఆజ్ఞగా తీసుకున్నారు. సైన్యంలో చేరరు, పగ తీర్చుకోరు. పాత రోజుల్లో అయితే న్యాయాధిపతి ఉద్యోగం కూడా చేసేవాళ్ళు కాదు, ఎందుకంటే చివరికి అదీ శిక్షించే కత్తే. ఈ నమ్మకం ఎలాంటిదో తెలియాలంటే డిర్క్ విలెమ్స్ కథ చాలు. నెదర్లాండ్స్‌లో ఆస్పెరెన్ అనే ఊరు, 1569. తన ఇంట్లో బాప్తిస్మాలు జరిపించాడని పట్టుకుని బంధించారు. తప్పించుకుని పారిపోతూ గడ్డకట్టిన నీళ్ళ మీదుగా అవతలికి చేరాడు. వెంటబడిన భటుడి కాళ్ళ కింద మంచు పగిలి మునిగిపోతున్నాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని బయటికి లాగాడు. భటుడు వదిలేద్దాం అనుకున్నా, ఒడ్డున ఉన్న అధికారి నీ ప్రమాణం గుర్తు తెచ్చుకో అని అరిచాడట. మళ్ళీ పట్టుకున్నారు. మే 16న సజీవంగా కాల్చేశారు. మెన్నోనైట్ పిల్లలందరికీ ఈ కథ వచ్చు. ఆ అధికారి నోట వచ్చింది కూడా ప్రమాణం మాటే, చూడండి. ఒట్టు పెట్టుకోవడం వీళ్ళు ఎందుకు కాదన్నారో దానిలోనే ఉంది. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. అమెరికా కోర్టుల్లో ఇప్పటికీ ప్రమాణం చెయ్యకుండా, నిజం చెబుతానని మాట ఇచ్చి సాక్ష్యం చెప్పే వీలుంది.

మిగతావి తొందరగా చెబుతాను. త్రిత్వం, క్రీస్తు సిలువ, పునరుత్థానం, లేఖనాల అధికారం, వీటిలో మీకూ వాళ్ళకూ పేచీ లేదు. ప్రభువు బల్ల వాళ్ళకు జ్ఞాపకార్థం. రొట్టెలోనే క్రీస్తు శరీరం ఉందన్న లూథర్ మాట ఒప్పుకోరు. చాలా శాఖల్లో ఒకరి కాళ్ళు ఒకరు కడిగే ఆచారం ఉంది. 1632 నాటి డోర్ట్రెక్ట్ ప్రమాణంలోని 18 అంశాల్లో అదీ ఒకటి. తప్పు చేసినవాణ్ణి మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, ఆ తర్వాత సంఘం ముందు హెచ్చరించి, వినకపోతే వెలివేస్తారు. ఎంత గట్టిగా వెలివెయ్యాలి, భార్య కూడా భర్తతో కలిసి తినకూడదా అనే దాని మీద వాళ్ళలో వాళ్ళు శతాబ్దాల పాటు కొట్లాడుకున్నారు. కత్తి పట్టనివాళ్ళు నోటితో ఎంత యుద్ధమైనా చెయ్యగలరు, నన్నడిగితే వాళ్ళ చరిత్రలో పెద్ద మచ్చ అదే.

ఇప్పుడు వీళ్ళు పాలమూరు దాకా ఎలా వచ్చారో చూద్దాం. హింస తట్టుకోలేక డచ్ మెన్నోనైట్లు ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది డెల్టాకు పోయి బురద నేలలను సాగులోకి తెచ్చారు. అక్కడ ప్రష్యా రాజులు సైన్యం విషయంలో బిగించేసరికి, రష్యా రాణి కేథరిన్ పిలుపు అందుకుని 1789 ప్రాంతంలో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖోర్టిట్సాకు, 1804 నుంచి మొలోచ్నాకు వలస వెళ్ళారు. సైన్యంలో చేరనక్కర్లేదు అన్న హామీ మీదే వెళ్ళారు. గోధుమ పండింది, డబ్బు వచ్చింది, ఊళ్ళు వెలిశాయి. దాంతో చిత్రమైన పని జరిగింది. ఎవరి తాతలైతే ఊరంతా సంఘం కాదు అని ప్రాణాలిచ్చారో, వాళ్ళ కాలనీల్లో ఊరంతా సంఘమే అయింది. కుర్రాడికి వయసొస్తే బాప్తిస్మం, ఎందుకంటే బాప్తిస్మం కాకపోతే పెళ్ళి కాదు. మీకు ఇది ఎక్కడో విన్నట్టు అనిపించాలి.

దీని మీద తిరుగుబాటుగానే 1860 జనవరి 6న మొలోచ్నాలో 18 మంది కుటుంబ పెద్దలు సంతకాలు పెట్టి వేరుపడ్డారు. వాళ్ళే మెన్నోనైట్ బ్రదరెన్, మన ఎం.బి. మారుమనసు నిజంగా కలిగిందని సాక్ష్యం చెప్పినవాడికే బాప్తిస్మం అన్నారు. నీళ్ళలో ముంచి ఇవ్వడం వాళ్ళు ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి, జర్మన్ బాప్టిస్టుల సావాసం కూడా దానికి తోడైంది. మిగతా మెన్నోనైట్లలో చాలామంది ఇవాళ్టికీ తల మీద నీళ్ళు పోసే ఇస్తారు. కాబట్టి "మునిగితేనే బాప్తిస్మం" అనేది మెన్నోనైట్ల మూల నమ్మకం కాదు, ఎం.బి. శాఖ నియమం. అమెరికా, కెనడా ఎం.బి. సంఘాలు కూడా, విశ్వసించాక వేరే పద్ధతిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ విషయంలో తర్వాత పట్టు సడలించాయి. పసితనపు బాప్తిస్మం విషయంలో మాత్రం ఎవరూ సడలించలేదు.

1870లలో రష్యా కూడా నిర్బంధ సైనిక సేవ పెడతాననేసరికి దాదాపు 18,000 మంది అమెరికా, కెనడాలకు వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళలో నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు, హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీ చదువుతో, 1889లో ఇండియా వచ్చి, నల్లగొండలో పని మొదలుపెట్టారు. అప్పటికి ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ పెద్దగా సాగుతోంది. ఫ్రీసెన్ వాళ్ళు ఆ మిషన్ కిందే నిజాం రాజ్యంలో పనిచేశారు. నల్లగొండ తర్వాత సూర్యాపేట, జనగామల్లో మిషన్ స్టేషన్లు, అంటే మిషనరీలు ఉండి పనిచేసే కేంద్రాలు వచ్చాయి. అమెరికా ఎం.బి.ల సొంత మిషన్ 1899లో హైదరాబాద్‌లో మొదలై, నాగర్‌కర్నూల్, శంషాబాద్, దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు పాకింది. మహబూబ్‌నగర్ స్టేషన్ 1930లలో బాప్టిస్టుల నుంచి వీళ్ళ చేతికి వచ్చింది. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో చనిపోయేదాకా ఇక్కడే వైద్యం చేసింది. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి మీ కాబోయే అత్తగారి ఊరివాళ్ళకు తెలిసే ఉంటుంది. సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. బడి, ఆసుపత్రి, ప్రభువు బల్ల దగ్గర ఒకే వరుస, ఇవి వాళ్ళకు ఎంత విలువైనవో మా పెద్దవాళ్ళ నోట వింటూ పెరిగాను.

బాప్టిస్టుల గొడుగు కింద వచ్చింది కాబట్టి మన దగ్గర ఎం.బి. సంఘం చూడ్డానికి బాప్టిస్టు సంఘంలాగే ఉంటుంది. ముంచి ఇచ్చే బాప్తిస్మం నిలబడింది. కత్తి గురించిన మాట మాత్రం సరిగ్గా దిగలేదు. మనకు నిర్బంధ సైనిక సేవ లేదు, ఆ ప్రశ్న ఎవరికీ ఇంటి గుమ్మం దాకా రాలేదు. మెన్నో సైమన్స్ పేరు తెలియని ఎం.బి. విశ్వాసులు కోకొల్లలు. సంఘంలో సభ్యులు లక్షల్లోకి వెళ్ళినా, చర్చి ఆస్తుల తగాదా వస్తే మత్తయి 18 కంటే ముందు లాయరు గుర్తొస్తాడు. ఇది ఒక్క మా వాళ్ళ జబ్బు కాదు, తెలుగునాట అన్ని శాఖల్లోనూ ఉన్నదే. కానీ మా వాళ్ళు తమ తాతల చరిత్ర చదివితే కొంచెం ఎక్కువ సిగ్గుపడాలి.

తెల్లవాళ్ళు మాత్రం పాటించారు, మనం పాటించలేదు అని కాదు. 1918, 1919లో మొలోచ్నా మీద నెస్టర్ మఖ్నో అనే అరాచకవాద నాయకుడి ముఠాలు పడినప్పుడు మెన్నోనైట్ కుర్రాళ్ళు తుపాకులు పట్టి ఆత్మరక్షణ దళం కట్టారు. తర్వాత నాజీల కాలంలో ఉక్రెయిన్‌లో, విస్తులా డెల్టాలోని డాంజిగ్ వైపు వాళ్ళతో చేతులు కలిపినవాళ్ళూ ఉన్నారు. ఆ సంగతులు ఇప్పుడు మెన్నోనైట్ సంస్థలే తవ్వి బయట పెడుతున్నాయి. మరో వైపు, 1920లో ఆ రష్యా కరువులోనే ఆకలితో ఉన్నవాళ్ళకు అన్నం పెట్టడానికి మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ పుట్టింది, ఇవాళ్టికీ అనేక దేశాల్లో పనిచేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో యుద్ధానికి రామని చెప్పి, బదులుగా అడవుల్లో, పిచ్చాసుపత్రుల్లో జీతం లేకుండా పనిచేసిన సుమారు 12,000 మందిలో అతిపెద్ద వాటా వీళ్ళదే.

సరే, మీ పెళ్ళి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెళ్ళి కోసం బాప్తిస్మం తీసుకోకండి. అమ్మాయి వాళ్ళ పెద్దలు అడగడంలో తప్పు లేదు, అది వాళ్ళ సంఘ నియమం. కానీ "పెళ్ళికి ముందు అయిపోవాలి" అనే తొందర మాత్రం వాళ్ళ విశ్వాసానికే అడ్డం. ఇష్టపడి, తెలిసి, ఎవరి ఒత్తిడీ లేకుండా తీసుకునేదే బాప్తిస్మం అన్నందుకే మాంజ్‌ను నదిలో తోశారు. పెళ్ళి కోసం ఇచ్చే బాప్తిస్మం వద్దనే 1860లో ఆ 18 మంది బయటికి వచ్చారు. ఈ మాటే మర్యాదగా కాపరితో అనండి. ఆయన చదువుకున్నవాడైతే కాదనలేడు.

మీ పెద్దవాళ్ళకు కూడా ఒక మాట. అమ్మాయి తరఫువాళ్ళు మిమ్మల్ని అన్యులు అనడం లేదు. బాప్తిస్మం అంటే దేవుడు మనిషికి ఇచ్చే కృప అని మీరు అంటారు, కాబట్టి బిడ్డకూ ఇవ్వొచ్చు. మనిషి దేవునికి ఇచ్చే జవాబు అని వాళ్ళు అంటారు, కాబట్టి నోరు తిరగని బిడ్డకు కుదరదు. ఇది లెక్క తేలే తగాదా కాదు. మీ కన్ఫర్మేషన్ రోజు మీరు సంఘం ముందు నిలబడి విశ్వాసం ఒప్పుకున్నారు కదా, వాళ్ళు వెతుకుతున్నది చాలావరకు అదే. దాని గురించి మీ సాక్ష్యం మీ మాటల్లో చెప్పండి. చాలామంది కాపరులు అక్కడే మెత్తబడడం నేను చూశాను.

చట్టం దృష్టిలో ఇద్దరూ ఒకే శాఖవాళ్ళు అయి ఉండాలన్న నిబంధన లేదు. కాపరి ఎటూ ఒప్పుకోకపోతే వివాహం మీ లూథరన్ చర్చిలో జరిపించి, అమ్మాయి సంఘ సభ్యత్వం ఎక్కడ ఉండాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. ఇక కాపరిని మీరే స్వయంగా అడగాల్సినవి: సభ్యత్వం లేకుండా పెళ్ళి జరిపిస్తారా, ప్రభువు బల్లలో మీకు భాగం ఉంటుందా, రేపు పిల్లలు పుడితే ఏమి ఆశిస్తారు. ఈ మూడోదే అసలు చిక్కు, ఇప్పుడే మాట్లాడుకోండి. మీ వాళ్ళు బిడ్డకు బాప్తిస్మం అంటారు, వాళ్ళవైపు బిడ్డను ప్రతిష్ఠించి ప్రార్థన చేస్తే చాలంటారు. కలవడానికి అమ్మాయిని వెంట తీసుకెళ్ళండి, బాప్తిస్మం, కన్ఫర్మేషన్ సర్టిఫికెట్ల కాపీలు కూడా పట్టుకెళ్ళండి, అడుగుతారు.